క్లౌడ్‌లో దాచిన కాగితాలు పరాయి చేతిలో పడకుండా ఏం చేయాలి: శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ల కోసం

ఉద్దానంలో డయాలసిస్‌కి వెళ్లే మనిషి ఫోన్ గ్యాలరీ తెరిచి చూడండి. క్రియాటినిన్ రిపోర్టులు, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ, డాక్టరు రాసిన చీటీలు వరసగా ఉంటాయి. అవన్నీ తన ఫోన్లోనే ఉన్నాయని ఆయన నమ్మకం. ఫోన్ కొన్న రోజు షాపులో కుర్రాడు బ్యాకప్ ఆన్ చేసి ఇచ్చి ఉంటే, ఆ ఫోటోలు ఎప్పటికప్పుడు గూగుల్ కంప్యూటర్లలోకి వెళ్లి చేరుతూనే ఉంటాయి. క్లౌడ్ అంటే అదే. ఫోన్ జేబులో ఉన్నా, దాని నకలు మాత్రం ఒక మెయిల్ ఐడీ, ఒక పాస్‌వర్డ్ తెలిసినవాళ్లెవరికైనా అందుబాటులో ఉన్నట్టే.

అలాగని క్లౌడ్ మానేయమని నేను చెప్పను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చింది, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మళ్లీ అలాంటి రాత్రి వచ్చి, పైకప్పు లేచిపోయి, బీరువాలో కాగితాలు నానిపోతే ఇంకోచోట భద్రంగా నకలు ఉన్నవాళ్లే తెరిపిన పడతారు. తుఫాన్ల దారిలో ఉన్న మన జిల్లాలకు క్లౌడ్ అవసరం ఎక్కువే.

దొంగలు ఎటునుంచి వస్తారో ముందు తెలుసుకోవాలి. గూగుల్, యాపిల్ లాంటి పెద్ద సంస్థల కంప్యూటర్లను బద్దలు కొట్టి మన ఫోటోలు ఎత్తుకుపోవడం చాలా అరుదు. 2014లో హాలీవుడ్ నటీమణుల సొంత ఫోటోలు ఐక్లౌడ్ నుంచి బయటపడినప్పుడు ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. యాపిల్ నుంచి వచ్చినట్టు కనిపించే దొంగ మెయిళ్లు పంపి పాస్‌వర్డ్‌లు రాబట్టారని అమెరికా కోర్టు కేసుల్లో తేలింది. మన దగ్గర దొంగ మెయిల్ దాకా కూడా పోనక్కర్లేదు. షాపువాళ్లు తయారుచేసిన మెయిల్ ఐడీ, రీఛార్జ్ లేక ఆగిపోయిన పాత నంబరు, నెట్ సెంటర్‌లో మూయకుండా వచ్చేసిన జీమెయిల్, ఫోన్లో అడగ్గానే చెప్పేసే ఓటీపీ చాలు. ఈ నాలుగు దారులు మూస్తే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను.

మొదటి పని: ఆ ఖాతా నిజంగా మీదేనా చూడండి

ఫోన్లో సెట్టింగ్స్ తెరిచి, గూగుల్ అన్నచోట నొక్కితే మీ మెయిల్ ఐడీ కనిపిస్తుంది. అక్కడి నుంచి గూగుల్ ఖాతా పేజీకి వెళ్లి, సెక్యూరిటీ అని ఉన్న భాగంలో రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ అనే రెండు చోట్లు చూడండి. పాస్‌వర్డ్ మర్చిపోతే ఖాతా తిరిగి తెరవడానికి గూగుల్ నమ్మేది వాటినే. అక్కడ మీకు తెలియని నంబరో, షాపువాళ్ల మెయిలో, అగ్నివీర్ దరఖాస్తు నింపినప్పుడు నెట్ సెంటర్ వాళ్లు పెట్టిన నంబరో ఉంటే, ఆ మనిషి తలుచుకున్న రోజున మీ ఖాతాలోకి రాగలడు. అతను మంచివాడే కావచ్చు. రేపు అతని ఫోన్ ఇంకెవరి చేతిలో పడుతుందో అతనికీ తెలియదు.

ఆ నంబరు తీసేసి మీ నంబరు పెట్టండి. రికవరీ ఈమెయిల్‌గా ఇంట్లో నమ్మకమైన మనిషిది, కొడుకుదో కూతురుదో, ఇవ్వండి. పాస్‌వర్డ్ కూడా అప్పుడే మార్చేయండి, ఎందుకంటే షాపులో పెట్టినది చాలాసార్లు మీ పేరూ చివర ఒకటి రెండు మూడూ అయి ఉంటుంది. పాత పాస్‌వర్డ్ గుర్తులేకపోతే గాభరా పడకండి. ఆ ఖాతా తెరిచి ఉన్న మీ సొంత ఫోన్ నుంచే, స్క్రీన్ లాక్ అడిగి, కొత్తది పెట్టుకోనిచ్చే వీలు చాలాసార్లు ఉంటుంది.

అదే పేజీలో 'యువర్ డివైజెస్' అని ఇంకో భాగం ఉంది. మీ ఖాతా ఇప్పుడు ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో తెరిచి ఉందో అక్కడ తేదీలతో సహా కనిపిస్తుంది. ఎప్పుడో ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసిన ఫోన్, ఎవరిదో తెలియని విండోస్ కంప్యూటర్ కనిపిస్తే ఒక్కొక్కదాని మీద నొక్కి సైన్ అవుట్ చేయండి. దీనికి పట్టేది కొద్ది నిమిషాలే. మిగతా వ్యాసం చదవడానికి తీరిక లేకపోయినా ఈ ఒక్క పని ఈ రాత్రికే చేయండి.

ఐఫోన్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో పైన ఉన్న తమ పేరు మీద నొక్కితే ఇవే వివరాలు కనిపిస్తాయి.

రెండో పని: ఫోన్ నంబరును కాపాడుకోండి

శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కి బోట్ల మీద పనికి వెళ్లేవాళ్లు, హైదరాబాద్, చెన్నైలకు కట్టడం పనులకు వెళ్లేవాళ్లు, గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు మన ఊళ్లన్నిటా ఉన్నారు. వెళ్లిన చోట కొత్త సిమ్ తీసుకుంటారు. పాతదానికి రీఛార్జ్ ఆగిపోతుంది. చాలాకాలం వాడకుండా వదిలేస్తే కంపెనీ ఆ నంబరును రద్దు చేస్తుంది. రద్దయ్యాక కనీసం 90 రోజులు ఆగి, ఆ తర్వాత అదే నంబరును కొత్తవాళ్లకు ఇవ్వవచ్చు. అప్పటికీ మీ గూగుల్ ఖాతాకు, ప్రభుత్వ పత్రాలు దాచే డిజీలాకర్‌కు, బ్యాంకుకు, ఆధార్‌కు ఆ పాత నంబరే అతికి ఉంటే, మీ ఓటీపీలు వెళ్లేది ఎవరో తెలియని మనిషి ఫోన్‌కి.

కాబట్టి ఊరు దాటే ముందే తేల్చుకోండి. ఏ నంబరు మీద ఆధార్, బ్యాంకు, మెయిల్ ఉన్నాయో ఆ సిమ్‌ను బతికించాలి, లేదా వెళ్లకముందే అన్నిచోట్లా నంబరు మార్పించాలి. ఆధార్‌లో మొబైల్ నంబరు మార్చాలంటే ఆ మనిషే స్వయంగా ఉండాలి. వేరావల్ వెళ్లాక ఇంటికి ఫోన్ చేసి మార్చమంటే కుదిరే పని కాదు. సంచార్ సాథీ అనే ప్రభుత్వ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని మొబైల్ కనెక్షన్లు ఉన్నాయో చూసుకోవచ్చు. మీరు తీసుకోని నంబరు కనిపిస్తే అక్కడే 'నాది కాదు' అని ఫిర్యాదు పెట్టవచ్చు.

ఇంకో మాట. సిమ్‌కి కూడా పిన్ పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే, దొంగ మీ సిమ్ తీసి తన ఫోన్లో వేసుకున్నా పిన్ కొట్టందే అది పనిచేయదు. పిన్ తప్పుగా మూడుసార్లు కొడితే సిమ్ లాకైపోతుంది కనుక ఆ అంకెలు ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

మూడో పని: పాస్‌వర్డ్, దాని వెనక రెండో తాళం

పాస్‌వర్డ్ కష్టంగా ఉండాలని అందరూ చెబుతారు. కష్టంకన్నా పొడవు మేలు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో వరసగా రాసి, మధ్యలో ఒక అంకె పెడితే చాలు: చింతకాయ, నిచ్చెన, మంగళవారం, గొడుగు లాంటివి. (ఇవే పెట్టుకోకండి, ఇప్పుడివి నలుగురూ చదివారు.) పైడితల్లి అమ్మవారి పేరు, అరసవల్లి, పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరం పెట్టవద్దు. మీ ఊరువాళ్లెవరైనా మొదట ప్రయత్నించేవి అవే.

మెయిల్‌కి పెట్టిన పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకండి. ఏదో బట్టల షాపింగ్ యాప్‌లో అదే పెట్టి, ఆ యాప్ సమాచారం బయటపడితే, దొంగలు చేసే తొలి పని ఆ మెయిల్, ఆ పాస్‌వర్డ్ జతను జీమెయిల్‌లో వేసి చూడటం. కాగితం మీద రాసుకోవడం తప్పని కొందరు భయపెడతారు. మా వైపు ఇళ్లలో పెద్దవాళ్లకు నేను చెప్పేది రాసుకోమనే, కాకపోతే పర్సులోనో ఫోన్ కవర్ వెనకో కాకుండా బీరువాలో పెట్టమంటాను. ఇంటర్నెట్ దొంగ మీ బీరువా దాకా రాడు.

ఇక రెండో తాళం. సెక్యూరిటీ పేజీలోనే 'టూ స్టెప్ వెరిఫికేషన్' ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే, పాస్‌వర్డ్ తెలిసినవాడు కూడా మీ ఫోన్ చేతిలో లేకుండా లోపలికి రాలేడు. మీ ఫోన్ మీద 'ఇది మీరేనా' అని గూగుల్ అడిగే పద్ధతి తేలిక. ఎసెమ్మెస్ ఓటీపీ కన్నా అది నయం. మీరేమీ తెరవకుండానే అలా అడిగితే మాత్రం 'కాదు' అనే నొక్కాలి, వెంటనే పాస్‌వర్డ్ మార్చాలి. సిగ్నల్ సరిగా అందని మందస కొండల వైపు ఊళ్లలో ఉండేవాళ్లు ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోవచ్చు. అది నెట్ లేకుండా కూడా అంకెలు చూపిస్తుంది. పాస్‌కీ అని ఇప్పుడు ఇంకో పద్ధతి వచ్చింది. వేలిముద్రతోనో ముఖంతోనో తెరుచుకుంటుంది, దొంగ వెబ్‌సైటు చేతికి చిక్కడానికి అందులో పాస్‌వర్డ్ అంటూ ఉండదు. ఫోన్ మీ ఒక్కరిదే అయితే అదే మేలైనది.

టూ స్టెప్ పెట్టిన రోజే బ్యాకప్ కోడ్లు తీసుకోండి. గూగుల్ 10 కోడ్లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని ప్రింటు తీసి, లేదా చేత్తో రాసి ఇంట్లో పెట్టండి. వేటకు వెళ్లినవాడి ఫోన్ సముద్రంలో పడితే, కొత్త ఫోన్లో తన ఫోటోలు, కాగితాలు తిరిగి తెరుచుకునేది ఇంట్లో ఉన్న ఆ కాగితంతోనే. ఆ కోడ్లను అదే గూగుల్ డ్రైవ్‌లో దాచుకోవడం తాళం వేసిన పెట్టెలోనే తాళంచెవి వదిలేసినట్టు.

నాలుగో పని: నెట్ సెంటర్‌లో ఎలా మసలుకోవాలి

మన దగ్గర అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైన చోటు ఇదే. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కలైనా, విజయనగరం గంటస్తంభం వైపైనా, మండల కేంద్రాల్లోనైనా, డీఎస్సీ నోటిఫికేషన్ పడితే, కాలేజీ అడ్మిషన్లు మొదలైతే నెట్ సెంటర్ల ముందు పిల్లలు బారులు తీరుతారు. ఆ సెంటర్లు లేకపోతే మన పనులు జరగవు. వాళ్లను అనుమానించమని చెప్పడం లేదు. ఒక కంప్యూటర్ ముందు రోజంతా ఎంతమంది కూర్చుంటారో చూడండి. మీరు లేచిన కుర్చీలో తర్వాత కూర్చునేది ఎవరో సెంటర్ యజమానికీ తెలియదు.

ముందుగా ఒక ఏర్పాటు చేసుకోండి, చాలా తలనొప్పులు దానితోనే పోతాయి. రెండు మెయిల్ ఐడీలు పెట్టుకోండి. ఒకటి ఇంటిది: ఫోటోలు, బ్యాంకు, డిజీలాకర్ దానికి. ఇంకోటి దరఖాస్తులది: హాల్ టికెట్లు, ఉద్యోగాలు, ప్రింటు పనులు దానితో. నెట్ సెంటర్‌లో తెరవాల్సింది రెండోదే. ఇంటి మెయిల్‌ను మీ ఫోన్లో తప్ప ఇంకెక్కడా తెరవకండి. దరఖాస్తుల మెయిల్ ఎవరి కంట పడినా మీ పెళ్లి ఫోటోలు, అమ్మ మెడికల్ రిపోర్టులు అందులో ఉండవు.

కంప్యూటర్ ముందు కూర్చున్నాక క్రోమ్‌లో గెస్ట్ విండో గానీ ఇన్‌కాగ్నిటో గానీ తెరిచి అందులోనే లాగిన్ కండి. 'పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా' అంటే వద్దనండి. పని అయ్యాక లాగ్ అవుట్ చేసి ఆ కిటికీలన్నీ మూసేయండి. ఇన్‌కాగ్నిటో మూస్తే లాగిన్ పోతుంది గానీ, మీరు దింపుకున్న ఫైళ్లు ఎక్కడికీ పోవు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మీ ఆధార్, టెన్త్ మార్కుల మెమో అలాగే కూర్చుని ఉంటాయి. వాటిని డిలీట్ చేసి, రీసైకిల్ బిన్‌లో నుంచి కూడా తీసేయండి. ఫోటో, సంతకం స్కాన్ చేసి సైజు తగ్గించే పని వాళ్లే చేస్తే, ఆ నకళ్లు వాళ్ల డెస్క్‌టాప్ మీద ఉంటాయి. 'అన్నా, నావి ఒకసారి తీసేయవా' అని అక్కడే నిలబడి అడగండి. మొహమాటపడాల్సిందేమీ లేదు, డబ్బులిచ్చి చేయించుకుంటున్న పని అది.

ఎక్కువమంది చేసేది, సెంటర్ వాళ్ల వాట్సాప్ నంబరుకి కాగితాలు పంపి ప్రింటు తీయించుకోవడం. తర్వాత మీరు 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కినా, అప్పటికే వాళ్ల కంప్యూటర్లోకి దిగిన ఫైలు చెరగదు. కాబట్టి పంపేదాన్నే తగ్గించాలి. పూర్తి ఆధార్‌కు బదులు మాస్క్‌డ్ ఆధార్ వాడండి. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైటులో దింపుకునేటప్పుడు ఆ ఎంపిక ఉంటుంది. అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి. పూర్తి నంబరు కావాలని నియమం ఉన్నచోట తప్ప మిగతావాటికి అది సరిపోతుంది. ప్రింటు కాగితం మీద తేదీ, ఏ పనికి ఇస్తున్నారో అడ్డంగా రాసి సంతకం పెట్టే పాత అలవాటు మంచిదే, కొనసాగించండి.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అని ధైర్యపడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇంగ్లిష్‌లో మీ పేరులోని మొదటి 4 అక్షరాలు పెద్దవి, ఆ పక్కన పుట్టిన సంవత్సరం, ఇదే అందరి పాస్‌వర్డ్ పద్ధతి. మీ పేరు, వయసు తెలిసిన ఎవరైనా దాన్ని తెరిచేస్తారు.

ఇంటికొచ్చాక ఇంకో రెండు చూడండి. వాట్సాప్‌లో 'లింక్‌డ్ డివైజెస్' తెరిస్తే, నెట్ సెంటర్‌లో క్యూఆర్ కోడ్‌తో తెరిచిన వాట్సాప్ వెబ్ ఇంకా నడుస్తోందో లేదో తెలుస్తుంది. నడుస్తుంటే అక్కడే లాగ్ అవుట్ చేయండి. తర్వాత గూగుల్ ఖాతాలో ఇందాక చెప్పిన 'యువర్ డివైజెస్' మళ్లీ ఒకసారి.

ఐదో పని: ఏది ఎక్కడ పెట్టాలి, ఏది అసలు పెట్టకూడదు

ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, బండి ఆర్సీ, పాన్, మార్కుల మెమోలు ఫోటో తీసి డ్రైవ్‌లో పెట్టేకన్నా డిజీలాకర్ మేలు. ఇది 2015లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సేవ. అందులో 'ఇష్యూడ్' కింద కనిపించేవి ఆ శాఖ నుంచి నేరుగా వచ్చినవి. ఐటీ చట్టం కింద ఉన్న నియమాల ప్రకారం వాటికి అసలు పత్రంతో సమానమైన విలువ ఉంది. మీరు స్కాన్ చేసి ఎక్కించుకున్న కాగితానికి ఆ విలువ ఉండదు. డిజీలాకర్‌కి 6 అంకెల పిన్ ఉంటుంది. పుట్టిన తేదీ దానికి పెట్టకండి.

ఏటీఎం కార్డు ముందు వెనక ఫోటోలు, యూపీఐ పిన్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మాత్రం ఏ క్లౌడ్‌లోనూ పెట్టవద్దు. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఏటీఎం పిన్‌ను కాంటాక్ట్స్‌లో 'బ్యాంక్ బాబాయ్' లాంటి పేరుతో ఫోన్ నంబరులా దాచుకునేవాళ్లు మన ఊళ్లలో కొల్లలు. కాంటాక్ట్స్ గూగుల్ ఖాతాలోకి తమంతట తామే వెళ్లిపోతాయి. మీ కాంటాక్ట్స్ చదవడానికి అనుమతి అడిగిన ప్రతి యాప్‌కీ అది కనిపిస్తుంది. తనకు తానే వాట్సాప్‌లో పంపుకున్న పాస్‌వర్డ్ మెసేజీలూ అంతే, చాట్ బ్యాకప్‌లోకి చేరతాయి. ఇవాళే వెతికి తీసేయండి.

పొలం కాగితాలు, మెడికల్ రిపోర్టులు లాంటివి డ్రైవ్‌లో ఉంచక తప్పదు. గూగుల్ తన దగ్గరున్న ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే బయటివాళ్లు చదవలేని రూపంలోకి మార్చే, ఉంచుతుంది. అయితే మీ పేరుతో లాగిన్ అయినవాళ్లకు అన్నీ మామూలుగానే తెరుచుకుంటాయి. మరీ రహస్యమైనవాటికి మీ సొంత తాళం కూడా వేసుకోండి. కంప్యూటర్ ఉన్నవాళ్లు సెవెన్ జిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాస్‌వర్డ్ పెట్టి మూట కట్టి ఆ మూటను ఎక్కించవచ్చు. అది ఉచితం. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే తెరిపించేవాళ్లు ఎవరూ ఉండరు కనుక అది కూడా బీరువా కాగితంలోకే.

షేర్ లింకులు

డ్రైవ్‌లో ఫైలు ఎవరికైనా పంపేటప్పుడు, జనరల్ యాక్సెస్ దగ్గర 'ఎనీవన్ విత్ ది లింక్' అని ఉంటే, ఆ లింకు ఎన్ని వాట్సాప్ గ్రూపులు తిరిగితే అందరికీ తెరుచుకుంటుంది. 'రెస్ట్రిక్టెడ్' పెట్టి, చూడాల్సిన మనిషి మెయిల్ ఐడీ ఇవ్వండి. విశాఖ కేజీహెచ్‌లో డాక్టరుకి రిపోర్టు చూపించాలంటే ఆ ఒక్క రిపోర్టు పంపండి, ఫోల్డర్ మొత్తం లింకు పంపకండి. ఆ ఫోల్డర్‌లో రేపు మీరు వేసేవి కూడా ఆ లింకుతో కనిపిస్తూనే ఉంటాయి. పని అయిపోయాక షేరింగ్ తీసేయండి.

పెళ్లి ఆల్బమ్‌ల లింకులు గూగుల్ ఫోటోస్‌లో ఏళ్ల తరబడి తెరిచే ఉంటాయి. ఆడపిల్లల ఫోటోలు ఉన్న ఆల్బమ్‌లు ముందు చూడండి. బంధువులంతా దింపుకున్నాక లింకు ఆపేయడమే మంచిది. గూగుల్ ఫోటోస్‌లో పార్ట్‌నర్ షేరింగ్ అని ఇంకో సౌకర్యం ఉంది. అది ఆన్ అయి ఉంటే మీ ఫోటోలు అవతలి మనిషికి తమంతట తామే వెళ్తుంటాయి. ఫోన్ కాసేపు చేతిలోకి తీసుకున్న ఎవరైనా దాన్ని ఆన్ చేయవచ్చు. ఇంట్లో ఆడవాళ్లు తమ ఫోన్లలో ఇది తప్పకుండా చూసుకోవాలి.

వాట్సాప్ బ్యాకప్

2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' మొదలుపెట్టాక ప్రభుత్వ సేవలు కూడా వాట్సాప్‌లోకే వచ్చాయి. అక్కడ దింపుకున్న పత్రాలు, ఇంటి మాటలు, ఫోటోలు అన్నీ కలిసి బ్యాకప్‌గా గూగుల్ ఖాతాలోకి ఎక్కుతాయి. చాట్లు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉన్నా, బ్యాకప్‌కి ఆ రక్షణ మీరే ఆన్ చేసుకోవాలి. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్, ఆ లోపల 'ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్'. అక్కడ పెట్టిన పాస్‌వర్డ్ పోతే వాట్సాప్ కూడా ఏమీ చేయలేదు, అందుకని రాసిపెట్టుకుని చేయండి. ఖాతా విభాగంలో టూ స్టెప్ వెరిఫికేషన్ కింద 6 అంకెల పిన్ కూడా పెట్టేయండి.

ఆరో పని: ఓటీపీ ఎవరికి చెప్పాలో ఇంట్లో ఒక ఒప్పందం

కొడుకు హైదరాబాద్‌లో, తల్లిదండ్రులు ఊళ్లో. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, అన్నీ అతనే అక్కడి నుంచి చేస్తాడు. 'అమ్మా, ఓటీపీ వచ్చింది, చెప్పు' అంటే ఆమె చదివి వినిపిస్తుంది. ఈ ఏర్పాటు లేకపోతే ఎన్నో ఇళ్లలో పనులు సాగవు. నేను దాన్ని తప్పుపట్టను. కానీ రోజూ ఓటీపీ చెప్పే అలవాటున్న తల్లికి, 'బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం', 'సచివాలయం నుంచి ఫోన్ చేస్తున్నాం' అనే గొంతుకూ చెప్పేయడం సహజంగానే వచ్చేస్తుంది.

కాబట్టి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. కొడుకు తన నంబరు నుంచి ఫోన్ చేసి, ఏ పనికో ముందే చెప్పాకే ఓటీపీ. కొత్త నంబరు నుంచి 'నేనే అమ్మా, ఫోన్ పోయింది' అంటే ఫోన్ పెట్టేసి పాత నంబరుకి తిరిగి చేయాలి. ఇంటివాళ్లకు మాత్రమే తెలిసే ఒక ప్రశ్న పెట్టుకోండి, ఎందుకంటే గొంతును కంప్యూటర్‌తో అనుకరించడం ఇప్పుడు కష్టమేమీ కాదు. మెసేజీలో గూగుల్ పేరో వాట్సాప్ పేరో ఉన్న ఓటీపీని మాత్రం కొడుకుకైనా సరే ముందు 'ఎందుకురా' అని అడిగి గానీ చెప్పవద్దని అమ్మకు నేర్పండి. మిగతావి ఒక్క పనికి సంబంధించినవి, ఇవి ఖాతా మొత్తాన్ని అప్పగించేవి.

వాట్సాప్‌లో ఏపీకే ఫైలుగా (నొక్కితే ఫోన్లోకి యాప్ ఎక్కించే ఫైలు అది) వచ్చే పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ యాప్ ఏదైనా తెరవద్దు. అలాంటివి మెసేజీలు చదివే అనుమతి తీసుకుని ఓటీపీలు వాటంతట అవే పట్టుకుపోతాయి. అప్పు ఇచ్చే యాప్‌ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫోన్లోని ఫోటోలు, కాంటాక్ట్స్, కాల్ వివరాలు వాటికి ముట్టుకునే హక్కు లేదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. కాంటాక్ట్స్ అడిగే అప్పు యాప్ కనిపిస్తే దాన్ని తీసేయడానికి ఆ కారణం చాలు. గూగుల్ ఖాతాలో 'థర్డ్ పార్టీ' అనే మాట ఉన్న భాగం తెరిచి, మీ డ్రైవ్‌కో మెయిల్‌కో అనుమతి పొందిన పాత ఆటలు, యాప్‌లు ఉంటే వాటినీ తొలగించండి.

ఏడో పని: పోకుండా ఉండటం కూడా భద్రతే

గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. మెయిల్, డ్రైవ్, ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్ అన్నీ ఆ పదిహేనులోనే సర్దుకోవాలి. అది నిండితే మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది. అప్పుడు చాలామంది గూగుల్ ఫోటోస్ తెరిచి ఫోటోలు చెరిపేస్తారు. అక్కడ చెరిపితే ఫోన్లోనిదీ పోతుంది, క్లౌడ్‌లోనిదీ పోతుంది. బ్యాకప్ అయిన ఫోటో బిన్‌లో 60 రోజులు ఉంటుంది, ఆ లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. ముఖ్యమైనవి ఏడాదికి రెండుసార్లైనా ఒక హార్డ్ డిస్క్‌లోకో పెన్ డ్రైవ్‌లోకో దింపి, తడి తగలకుండా కవర్లో చుట్టి పెట్టండి. అక్టోబరు తుఫాన్లకు ముందొకసారి చేస్తే మరీ మంచిది.

రెండేళ్లపాటు తెరవని గూగుల్ ఖాతాను, అందులో ఉన్నవన్నిటితో సహా తీసేసే హక్కు గూగుల్‌కి ఉంది. చనిపోయిన నాన్నగారి ఫోటోలు ఆయన ఖాతాలోనే ఉండిపోయిన ఇళ్లు ఈ సంగతి గమనించాలి. బతికుండగానే 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్'లో ఎవరికి ఏమేం చేరాలో రాసిపెట్టవచ్చు. మన దగ్గర ఆస్తుల గురించి మాట్లాడినంత తేలికగా దీని గురించి మాట్లాడరు. మాట్లాడాలి.

ఫోన్ రిపేరుకిచ్చేటప్పుడు సిమ్ తీసుకోండి. సామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్ లాంటిది ఉంటే ఆన్ చేసి ఇవ్వండి. అమ్మేటప్పుడు గూగుల్ ఖాతా తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ మీ చేత్తో మీరే చేయండి, షాపువాళ్లకు వదలకండి.

అయినా చేయి దాటిపోతే

ఖాతాలోకి ఎవరో వచ్చారని అనుమానం రాగానే, వేరే నమ్మకమైన ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చండి. అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ చేయండి. రికవరీ నంబరు, మెయిల్ మారాయేమో చూడండి. ఆ తర్వాత చాలామంది ఆగిపోతారు, అక్కడే మోసపోతారు. జీమెయిల్ సెట్టింగ్స్‌ను కంప్యూటర్‌లో తెరిచి, ఫార్వర్డింగ్, ఫిల్టర్లు అనే రెండు భాగాలు చూడాలి. మీకొచ్చే ప్రతి మెయిల్ నకలు తనకు వచ్చేలా దొంగ అక్కడ ఒక చిరునామా పెట్టి వెళ్తాడు. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా అది అలాగే పనిచేస్తుంది.

ఫోనే పోతే, ఇంకో ఫోన్ నుంచి గూగుల్ వారి 'ఫైండ్' సేవలోకి వెళ్లి దాన్ని లాక్ చేయండి, దొరకదనుకుంటే అందులోనివి చెరిపేయండి. కంపెనీకి ఫోన్ చేసి సిమ్ ఆపించండి. పోలీసు ఫిర్యాదు తీసుకున్నాక సంచార్ సాథీలో ఐఎంఈఐ అనే ఫోన్ గుర్తింపు నంబరు ఇచ్చి ఆ ఫోన్ ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా చేయవచ్చు. ఐఎంఈఐ ఫోన్ పెట్టె మీద ఉంటుంది. అందుకే పెట్టె పారేయకండి. ఆధార్ బయోమెట్రిక్ లాక్ కూడా చేయండి. యూఐడీఏఐ వారి ఆధార్ యాప్‌లో ఆ వీలుంది, సాయం కావాలంటే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేయవచ్చు.

డబ్బు పోయి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతా నుంచి ఖాతాకు దూరమైపోతుంది. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ అనే పోర్టల్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. సొంత ఫోటోలతో ఎవరైనా బెదిరిస్తుంటే డబ్బు పంపకండి, మెసేజీలు చెరపకండి. అవే సాక్ష్యం. అనుమతి లేకుండా ఒకరి అంతరంగిక చిత్రాలు తీయడం, పంపడం ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద, వేరొకరి పాస్‌వర్డ్ దొంగిలించి వాడటం 66సీ కింద నేరం. రెండిటికీ మూడేళ్ల దాకా జైలు ఉంది. పిల్ల వచ్చి ఇలాంటిది చెబితే ఇంట్లో ఆమెను తిట్టకండి. తిడతారన్న భయమే బెదిరించేవాడికి బలం. ఆమె పక్కన కూర్చుని, అవతలివాడి నంబరు, మెసేజీల తేదీలు, స్క్రీన్‌షాట్లు, డబ్బు పంపి ఉంటే లావాదేవీ నంబరు ఒక కాగితం మీదకు ఎక్కించండి. పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాక వచ్చే నంబరు కూడా అదే కాగితం మీద రాసుకుని, దాంతోనే పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి.